మూడు గీతల గడప

పోయిన వారం కడపలో ఒక కొత్త ఇంటి పని ఒప్పుకోవడానికి వెళ్ళాను. వరండాలో వడ్రంగి ఒకాయన వేపచెక్కను చిత్రిక పడుతున్నాడు. మెట్లెక్కుతుండగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. వేపాకు వాసన వేరు, ఎండిన వేపచెక్క వాసన వేరు. చెక్కది కొంచెం చేదు, కొంచెం వేయించిన పప్పు వాసన, మధ్యలో గొంతు పట్టుకునే పొడి. నేను అక్కడే ఆగి చెప్పులు విడిచాను. ఇంటావిడ "లోపలంతా సిమెంటు దుమ్ము మేడమ్, చెప్పులేసుకునే రండి" అంది. నాకేమో అప్పటికే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. దుమ్ము పడిందని అబద్ధం చెప్పాను. మా మౌలాలి మేస్త్రీ పోయి ఏడాది దాటింది. ఈ వాసన వస్తే ఇప్పటికీ ఆయన నా వెనకే నిలబడి "చెప్పులిప్పు పాపా, ఇల్లును కాళ్ళతో చూడాల" అంటున్నట్టే ఉంటుంది.

ఆయన గురించి చెప్పాలంటే ముందు నా పొగరు గురించి చెప్పాలి, తప్పదు. బెంగళూరులో ఇంటీరియర్ డిజైన్ చదివి, అక్కడే ఒక ఆఫీసులో నాలుగేళ్ళు ఎవరెవరి వంటిళ్ళో గీసి గీసి, ఇక నా పేరుతో నేనే చేసుకుంటానని కర్నూలుకు తిరిగి వచ్చినప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. కొత్త బస్టాండు దగ్గర మందుల షాపు పైన ఒక గది తీసుకున్నాను. తలుపు మీద నా పేరు రాయించాను. మా అమ్మ వచ్చి చూసి, "మాధవీ, పేరు పెద్దగా ఉండాది, గది చిన్నగా ఉండాది" అంది. నాకసలే ముక్కు మీద కోపం. వారం రోజులు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం నేను. ఆ రోజుల్లో నాకు తెలియనిది ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే, వాళ్ళకే ఏమీ తెలియదని అనుకునేదాన్ని.

ఆరు నెలలు ఒకరి అల్మారా, ఇంకొకరి టీవీ గోడ, ఇలా చిల్లర పనులతోనే గడిచింది. అప్పుడు మైదుకూరు నుంచి లలిత ఫోన్ చేసింది. ఆమె స్కూలు టీచరు. భర్త సుబ్బరాయుడికి పసుపు వ్యాపారం. ఇద్దరు ఆడపిల్లలు. సుబ్బరాయుడి తల్లి ఓబులమ్మ వాళ్ళతోనే ఉంటుంది. పదిహేనేళ్ళు అద్దె ఇంట్లో ఉండి, చివరికి సొంతంగా ఇల్లు కట్టుకున్నారు. గోడలు లేచాయి, లోపలి పని మిగిలింది. లలిత ఫోను నిండా స్వీడన్, నార్వే ఇళ్ళ ఫోటోలే. తెల్లటి గోడలు, లేత రంగు చెక్క, పెద్ద కిటికీలు, నాలుగంటే నాలుగు సామాన్లు. "మాకు ఇట్ల కావాల మేడమ్. తెల్లగా, ఖాళీగా, ఊపిరాడేటట్ల. ఆ అద్దె ఇంట్లో సామాన్ల మధ్య నలిగి నలిగి నాకు విసుగొచ్చింది" అంది. నా గుండె ఎగిరి గంతేసింది. నేను చేయాలనుకున్నదే ఇది. ఆ చలిదేశాల వాళ్ళకు ఏడాదిలో సగం రోజులు ఎండ సరిగా ఉండదనీ, దొరికిన కాస్త వెలుతురునూ తెల్లటి గోడల మీద పడేట్టు చేసి ఇల్లంతా పరుచుకుంటారనీ ఆమెకు అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మైదుకూరులో ఎండకు ఏం కరువని నా నోటికి ఒక్కసారి కూడా రాలేదు.

ఆ మొదటి రోజే లలిత ఇంకో మాట చెప్పింది. "మా అత్తకు నీటికాసులు. చూపు శానా మసక. ఆపరేషన్ చేసినా పెద్దగా లాభం లేదన్నారు." నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను: పెద్దావిడకు చూపు తక్కువ, ఆమె గదిలో రెండు లైట్లు ఎక్కువ. అంతే, ఒక్క లైను. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ పేజీ తెరిస్తే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

చెక్కపనికి మంచి మనిషి కావాలని కర్నూలులో నలుగురిని అడిగితే నలుగురూ మౌలాలి మేస్త్రీ పేరే చెప్పారు. అరవై దగ్గర వయసు, తెల్లటి గడ్డం, మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ, భుజాన ఒక గజంబద్ద. ఆయన చేతి కింద ఇద్దరు వడ్రంగులు పనిచేసేవాళ్ళు. మొదటి రోజు మైదుకూరుకు మూడు గంటలు బస్సులో వచ్చి, ఆ గజంబద్ద తప్ప ఇంకేమీ లేకుండా చేతులూపుకుంటూ దిగాడు.

"పనిముట్లు ఏవి మేస్త్రీ?" అన్నాను.

"అవి రేపొస్తాయిలే పాపా. ఈ పొద్దు ఇల్లు చూడనీ."

చూడటమంటే కొలతలు తీస్తాడనుకున్నాను. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గదిగదికీ మెల్లగా నడిచి, ప్రతి గదిలోనూ నేల మీద కూర్చున్నాడు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఇల్లు చూడ్డానికి కొడుకు వెంట ఓబులమ్మ వస్తే, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ముచ్చట్లు మొదలుపెట్టాడు. "ఏమక్కా, పండుకున్నప్పుడు నీళ్ళ చెంబు ఏ పక్క పెట్టుకుంటావు?" అనడిగాడు. "ఎడమ పక్కనప్పా. కుడిచెయ్యి తలకాయ కింద ఉంటాది గదా" అందావిడ. ఆయన తన మోచేతితో నేల మీద నుంచి ఎత్తు కొలుచుకుని తలూపాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక పూర్తి రోజు పోయింది, ఒక్క మేకు దిగలేదు. డ్రాయింగులు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఒకసారి తిప్పి చూసి, మళ్ళీ నాకే ఇచ్చాడు.

"నువ్వు చదువు పాపా. నేను ఇంటా."

"బొమ్మల్ని చదవడమేమిటి మేస్త్రీ? చూస్తే తెలుస్తుంది కదా!"

"చూస్తే నీకు తెలుస్తాది. ఇంటే నాకు తెలుస్తాది."

చదివాను. తలుపు ఎంత, అర ఎంత, అరకూ అరకూ మధ్య ఎంత, అన్నీ గట్టిగా చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. గజంబద్ద మీద ఆయన తానే చెక్కుకున్న చిన్న చిన్న గాట్లుండేవి. వాటి మీద బొటనవేలు నడిపిస్తూ లెక్కపెట్టుకున్నాడు. ఆ సాయంత్రం నేను మెట్ల మీద నిలబడి బెంగళూరు స్నేహితురాలికి ఫోన్ చేసి, "కర్నూలు మొత్తం వెతికితే నాకు దొరికిన మేస్త్రీకి డ్రాయింగు చూడటమే రాదే" అని పగలబడి నవ్వాను. వెనక్కి తిరిగితే ఆయన అక్కడే కాళ్ళు కడుక్కుంటున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. "రేపు పొద్దున్నే మొదలుపెడదాం పాపా" అని మాత్రం అన్నాడు.

పని మాత్రం ఎంత శుభ్రమో! రెండు చెక్కలు కలిసిన చోట గోరు పెట్టినా దూరేది కాదు. ఏడో రోజో ఎనిమిదో రోజో అనుకుంటా, ఒక గొడవ జరిగింది. హాలులో ఒక వైపు వరసగా నాలుగు తలుపులు: ఓబులమ్మ గది, వంటిల్లు, దేవుడి గది, బాత్రూము. నాలుగింటికీ ఒకే తెల్ల తలుపు, ఒకే పిడి. కింద గడపలు లేవు. నేలంతా ఒకే రంగు టైల్స్, ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఎక్కడా తెగకుండా పోవాలని నా పట్టుదల. వీధి వాకిలికి మాత్రం, పసుపు రాయడానికైనా గడప ఉండాలని సుబ్బరాయుడు పట్టుబడితే సరేనన్నాను.

"లోపల గడపలు లేవేం పాపా?" అన్నాడు మేస్త్రీ.

"ఈ పద్ధతిలో ఉండవు. గడపలు, పసుపులు, కుంకాలు, అవన్నీ నమ్మకాలు మేస్త్రీ. మీకెందుకు వాటి గొడవ?"

"నేను సాయిబును, నాకు పసుపుతో ఏం పని? నేననేది అది కాదు. గది యాడ మొదలైతాదో కాలికి తెలవద్దా?"

"కళ్ళున్నాయి కదా మేస్త్రీ చూసుకోవడానికి!"

ఆయన పక్కనున్న గోడను అరచేత్తో ఒకసారి తడిమాడు. తరువాత చిన్నగా నవ్వి, "సరే పాపా. ఇల్లు గీసినది నువ్వు" అని ఉలి తీసుకుని వెళ్ళిపోయాడు. నేను గెలిచానని అనుకున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గృహప్రవేశం రోజు ఆ ఇంటిని చూడటానికి మైదుకూరు సగం వచ్చింది. తెల్లటి గోడలు, తెల్లటి పరదాలు, లేత చెక్క బల్ల, దాని చుట్టూ ఆరు కుర్చీలు, కిటికీ నిండా వెలుతురు. అందరూ ఫోటోలు తీసుకునేవాళ్ళే. ముగ్గురు నా నంబరు తీసుకున్నారు. లలిత నన్ను కౌగిలించుకుంది. ఓబులమ్మ మాత్రం హాలులో ఒక కుర్చీలో, చుట్టపుచూపుగా వచ్చినావిడలా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెళ్ళి కాళ్ళకు మొక్కాను. "ఎట్లుందమ్మా ఇల్లు?" అన్నాను. "శానా తెల్లగా ఉండాది పాపా" అంది. మెచ్చుకుందనుకున్నాను. ఆ మాటను నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా. ఆమె ఆ కుర్చీలో నుంచి పొద్దంతా లేవలేదన్న సంగతి చాలా రోజుల తరువాత గుర్తొచ్చింది.

నెల తిరక్కుండానే లలిత ఫోన్ చేసింది. ఏడుస్తోంది. మాట సరిగ్గా రావడం లేదు. ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా కలిపితే ఇదీ జరిగింది. గృహప్రవేశమైన నాలుగో రోజు ఓబులమ్మ బాత్రూముకు పోవాలని లేచి, ఆ తెల్లటి గోడలో ఏ తలుపు ఏదో తెలియక, దేవుడి గదిలోకి పోయింది. అది బాత్రూమే అనుకుంది. ఆపుకోలేకపోయింది. చిన్నమనవరాలు చూసి, తెలియని పిల్ల, పక్కున నవ్వింది. లలిత ఏమీ అనకుండా కడిగేసింది. ఆ రోజు నుంచి ఓబులమ్మ నీళ్ళు తాగడం తగ్గించింది. నీళ్ళు తాగకపోతే బాత్రూముకు పోయే పని తక్కువ పడుతుందని లెక్క. ముందు సాయంత్రం పూట మానేసింది, తరువాత పొద్దంతా. చెంబు నిండుగా అట్లే ఉంటే, తాగినానని చెప్పి కిటికీ బయట పారబోసేదట. మైదుకూరు ఎండలో! చివరికి ఒకరోజు కుర్చీలోనే ఒరిగిపోతే ఆసుపత్రికి తీసుకుపోయి సెలైన్ ఎక్కించారు. ఇంటికి రాగానే కొడుకును కూర్చోబెట్టి, "నాయినా, నన్ను మా అన్న కొడుకు కాడికి పంపించు. నేను పుట్టిన ఊర్లో నాకు అన్నీ తెలుసు. ఈడ నేను మనిషిలాగ ఉండలేను" అంది. శుక్రవారం వాళ్ళొచ్చి తీసుకుపోతారు.

"అద్దె ఇంట్లో ఆమె ఎవ్వర్నీ పిలిచేది కాదు మేడమ్, అన్నీ తానే చేసుకునేది. నా కొత్త ఇంట్లో మా అత్తకు నీళ్ళు తాగాలన్నా భయమే" అంది లలిత. ఆ ఒక్క మాటతో నాకు కాళ్ళ కింద నేల లేనట్టయింది. నేను మొదటి రోజు చూసిన ఆ అద్దె ఇంట్లో ప్రతి గదికీ ఎత్తైన గడపలుండేవి. వాటికి పసుపు కూడా ఉండేది. మసక కళ్ళకు చివరిదాకా ఆనే రంగు అది. నేను వాటిని నమ్మకాలన్నాను.

నేరుగా మౌలాలి మేస్త్రీకి ఫోన్ చేశాను. చెప్పిందంతా విన్నాడు. "నేను ముందే చెప్పినా" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. "ఈ పొద్దు ఏ వారం?" అన్నాడు. మంగళవారమన్నాను. "అయితే రెండు దినాలుండాయి. రేపు పొద్దున్నే కారు తీసుకురా పాపా, పోదాం" అన్నాడు. కారులో నంద్యాల దాటి ఆళ్ళగడ్డ దాకా వచ్చాం. అప్పుడు నేనే ఉండబట్టలేక, "తిట్టండి మేస్త్రీ. ఒక మాట అంటే నాకు బరువు దిగుతుంది" అన్నాను. "తిడితే నీ బరువు దిగుతాది. ఆ యమ్మ బరువు యాడ దిగుతాది?" అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు నేను జీవితంలో తినలేదు.

ఇంట్లోకి పోగానే ఆయన నా చున్నీ అడిగాడు. "కండ్లకు కట్టుకో. ఆ యమ్మ మంచం కాడ కూర్చో. ఆడి నుంచి లేసి బాత్రూముకు పో, చూద్దాం" అన్నాడు. నేను గీసిన ఇల్లు. నిద్రలో లేపి అడిగినా ప్రతి కొలతా చెప్పగలను. నవ్వుకుంటూ కట్టుకున్నాను. లేచి పది అడుగులు వేసేసరికి నవ్వు పోయింది. కాలి కింద అంతా ఒకటే నునుపు. చేతికి అంతా ఒకటే గోడ. ఒక పిడి దొరికితే తిప్పాను. చేతికి ఇంగువ డబ్బా తగిలింది. వెనక్కి తిరిగి ఇంకో తలుపు తీశాను, అగరొత్తుల వాసన. మూడో తలుపు తీస్తే మళ్ళీ అదే మంచం మోకాలికి కొట్టుకుంది. బయలుదేరిన చోటికే వచ్చాను! అప్పుడు వినిపించింది, ఓబులమ్మ నవ్వు. పంటి సందుల్లోంచి గాలి పోయే ముసలి నవ్వు. "నువ్వే గదా పాపా గీసినావు, నీకే దారి తెలీలేదా?" అంది. "లేదమ్మా" అన్నాను. గంతలు విప్పకుండా ఆ మంచం మీదే కూర్చుని ఏడ్చాను. ఆమె నా తల తడుముకుంటూ, "ఊరుకో, ఊరుకో. నాకొక్కదానికే తెలీదేమో అనుకుంటాంటి" అంది.

మేస్త్రీ పని అంతలోనే మొదలైపోయింది. గడపలు ఎత్తుగా పెడదామా అనడిగాను. వద్దన్నాడు, ఇప్పుడు ఆమె కాలు లేవదు, తట్టుకుని పడుతుంది. ప్రతి తలుపు కింద ఒక జానెడు వెడల్పున టైల్స్ కోసి, నేలకు సమానంగా వేపచెక్క పట్టీ దించుదామన్నాడు. దాని మీద అడ్డంగా గీతలు చెక్కుతానన్నాడు. వరండాలో కూర్చుని చిత్రిక పడుతుంటే ఆ చేదు వాసన ఇల్లంతా నిండింది. నాలుగైదు ముక్కల మీద నాలుగైదు రకాలుగా గీతలు చెక్కి, ఓబులమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్క ముక్కా ఆమె అరికాలి కింద పెట్టాడు. "ఎట్లుంది అక్కా?" అని అడగడం, ఆమె చెప్పడం. "ఇది లోతుగా ఉండాదప్పా, ఏలు ఇరుక్కుంటాది." "ఇది మరీ పైపైన, చెప్పుకు కూడా తెలీదు." "ఆఁ, ఇదీ. ఇది బాగుండాది." నెల రోజులుగా ఎవరూ ఆమెను ఏదీ అడగలేదు. ఆ ఇంట్లో ఏ రంగు వేయాలని నేనూ అడగలేదు. ఒక చెక్కముక్క బాగుందో లేదో చెప్పే అధికారం చేతికొచ్చేసరికి ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"వంటింటికి ఒక గీత. దేవుడికి రెండు. బాత్రూముకు మూడు" అన్నాడు మేస్త్రీ.

"దేవుడికి రెండేనా?" అంది లలిత.

"దేవుడి కాడికి నిమ్మళంగా పోతాం గదమ్మా. ఆడికి పోయేది తొందరలో. కాలికి గట్టిగా తెలియాల. అందుకే మూడు."

ఓబులమ్మ మళ్ళీ నవ్వింది. బాత్రూము దగ్గర చెక్క నానిపోతుందని అక్కడ మాత్రం నల్లటి కడప బండ ముక్క తెప్పించి, దాని మీద మూడు గీతలు కొట్టించాడు. అవును, ఈ కథకు నేను పెట్టిన పేరు బాత్రూము గడపదే. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆమె సొంత గదికి ఏ గీతా లేకుండా నున్నటి పట్టీ వేశాడు. "నీ గదికి గుర్తెందుకు అక్కా, అది నీదే గదా" అన్నాడు. ద్వారబంధాలన్నింటికీ పసుపు రంగు వేయించాను. అది నా ఆలోచనే, అంతవరకు నాకు మార్కులివ్వండి. తెల్లటి ఇల్లు పోయిందని లలిత బాధపడుతుందేమో అనుకుంటే, "పోతే పోనీ మేడమ్, ఫోటోలు మేం తిన్నామా తాగినామా" అంది.

గురువారం మధ్యాహ్నానికి పని అయిపోయింది. మేస్త్రీ ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. ఓబులమ్మ తన మంచం మీద నుంచి లేచింది. నున్నటి పట్టీ దాటింది. గోడ మీద చెయ్యి ఆనించి, కాలు ముందుకు జరిపి తడుముకుంది. ఒక గీత. "వంటిల్లు" అంది. ఇంకొంచెం జరిగింది. "రెండు. సామీ, నీది." మళ్ళీ జరిగింది. అక్కడ చల్లటి బండ తగలగానే ఆగింది. కాలి బొటనవేలితో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంది. తలుపు తీసుకుని లోపలికి పోయింది, వేసుకుంది. హాలులో మేమంతా ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం. ఒక మనిషి బాత్రూముకు పోయి రావడం కోసం నేను అంతగా దేవుణ్ణి ఎప్పుడూ మొక్కుకున్నది లేదు. ఆమె బయటికి వచ్చి, అలాగే లెక్కపెట్టుకుంటూ తన కుర్చీ దాకా నడిచి, కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"లలితా" అంది. "చెంబు నిండా నీళ్ళు తీసుకురా మేయ్. దప్పికైతాంది."

ఎత్తిన చెంబు దించకుండా తాగింది. గొంతు దిగుతున్న చప్పుడు మాకందరికీ వినిపించింది. సుబ్బరాయుడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు అన్న కొడుకు బండి తీసుకుని వస్తే, అతనికి భోజనం పెట్టి, ఖాళీ బండితో పంపించారు.

ఆ తరువాత మౌలాలి మేస్త్రీతో ఏడేళ్ళు పనిచేశాను. మేస్త్రీ అనడం మానేసి చాచా అనడం మొదలుపెట్టాను. ఆయన మొదటి రోజు పనిముట్లు తెచ్చేవాడు కాదు, నేను అడిగేదాన్నీ కాదు. డ్రాయింగులు నేను చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. అట్లా చదువుతూ చదువుతూ నా తప్పులు నాకే వినిపించేవి. ఉన్నట్టుండి ఒకసారి వారం రోజులు పనికి రాలేదు. ఫోన్ చేస్తే జ్వరమన్నాడు. పండ్లు తీసుకుని కర్నూలు పాతబస్తీలో వాళ్ళింటికి వెళ్ళాను. అన్నేళ్ళలో అదే మొదటిసారి పోవడం. సిగ్గుచేటు, కానీ నిజం. రెండు గదుల ఇల్లు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపల కాలు పెట్టగానే అరికాలికి తగిలింది. ఒక గీత. వంగి చూశాను. నున్నగా అరిగిపోయిన వేపచెక్క. ఎన్నో ఏళ్ళ అరుగుదల. లోపలి గదికి రెండు గీతలు. పెరటి తలుపుకు మూడు.

ఆయన భార్య, చాచీ, నీళ్ళ గ్లాసు ఇస్తూ నా చూపు కనిపెట్టింది. "ఆయనకు చక్కెర జబ్బుతో కండ్లు పోతాండాయి బేటీ. ఇప్పటిది కాదు, పదేండ్లయింది. ఇప్పుడు మొత్తం పోయినాయి. అందుకే పనికి రాలే. జ్వరమూ లేదు, ఏమీ లేదు" అంది.

పదేళ్ళు. అంటే మైదుకూరు ఇంటికి వచ్చేనాటికే. నా డ్రాయింగు తిప్పి చూసి తిరిగి ఇచ్చిన నాటికే. మెట్ల మీద నిలబడి నేను పగలబడి నవ్విన నాటికే. "కళ్ళున్నాయి కదా మేస్త్రీ" అని ఆ మనిషి మొహం మీద అన్నాను. లోపలి గదిలో మంచం మీద కూర్చున్నాడాయన. కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"ఎందుకు చెప్పలేదు చాచా?"

"చెప్పింటే ఏం చేసిందువు బేటీ? డ్రాయింగు చదివి ఇనిపించిందువా, ఇంటికి పంపించిందువా?"

ఉన్నమాట అంటే ఉలుకెక్కువ. పంపించేదాన్ని. ఆ రోజుల్లోని మాధవి ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా పంపించేసేది. కళ్ళు కనపడని వడ్రంగిని పెట్టుకుని నా మొదటి ఇల్లు చేయించేదాన్నా? ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసీ నా నోటి దురుసు భరించి, రోజూ నా చేత చదివించుకుని, తన పని తాను చేసుకుపోయాడు. "క్షమించండి చాచా" అన్నాను. "పిచ్చిదానా, ఓబులమ్మ ఇంట్లో గంతలు కట్టుకుని ఏడ్చినావు సూడు, ఆ పొద్దే అయిపోయినాది అది" అన్నాడు. ఆ తరువాత కూడా కొత్త పని వచ్చినప్పుడల్లా డ్రాయింగులు తీసుకుని వాళ్ళింటికి పోయేదాన్ని. మంచం పక్కన కూర్చుని చదివేదాన్ని. ఆయన గోడకు ఆనుకుని వినేవాడు. "ఆ అల్మారా కాడ ఇంకోసారి చదువు" అన్నాడంటే అక్కడ తప్పుందన్నమాట. పోయిన ఏడాది ఒక పొద్దున నిద్రలోనే పోయాడు. ఓబులమ్మకు చెప్పడానికి భయపడి నేను ఫోన్ చేయలేదు. ఆమెకే ఎట్లానో తెలిసి, కొడుకు ఫోనులో నాతో మాట్లాడింది. "పాపా, ఈ పొద్దు బండ మీద గీతలు లెక్కబెట్టేటప్పుడు కాలు ఆడనే నిలబడిపోయింది" అంది.

కడప ఇంట్లో పోయిన వారం అలా వట్టి కాళ్ళతో, కళ్ళు మూసుకుని, గదిగదికీ నడిచాను. సిమెంటు పొడి కాళ్ళకు అంటుకుంది. ఒక్కో గదిలో నేల మీద కూర్చున్నాను. వరండాలోని వడ్రంగి చిత్రిక ఆపి, ఈవిడకేమైనా అయిందా అన్నట్టు చూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఇంటావిడ ఓపిక పట్టి, పట్టి, చివరికి ఫోను తీసి ఫోటోలు చూపించబోయింది. అన్నీ తెల్లటి ఇళ్ళే. బాగున్నాయి, నాకిప్పటికీ ఇష్టమే.

"డ్రాయింగులు ఎప్పుడిస్తారు మేడమ్?" అంది.

"ఇస్తానమ్మా. ముందు ఒక సంగతి చెప్పండి" అన్నాను. "మీ ఇంట్లో దాహమైనా నీళ్ళు తాగకుండా ఓర్చుకునే మనిషి ఎవరైనా ఉన్నారా?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. చేతిలో ఫోను దించేసింది. కొంచెంసేపటికి, చిన్న గొంతుతో, "మా నాయన" అంది.